కుట్లు లేని ఆపరేషన్

విరుదునగర్
27 మే 1996

బావకి ముత్తుకృష్ణన్ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, మీ చెల్లెలు కమలమ్మాళ్ తప్ప. ఆమె బాగోకపోవడానికి కారణం నువ్వే కాబట్టి ఆ సంగతితోనే మొదలుపెడుతున్నాను.

మా అమ్మాయి ప్రియా నిశ్చయానికి నువ్వు రాలేదు. వేలమ్మాళ్ అక్కనీ మీ అబ్బాయి గోకులకృష్ణన్‌నీ పంపించి, పత్తికి మందు కొట్టే పని ఉందని కబురు చెప్పించావు. మే నెలలో మీ నల్లరేగడిలో నెర్రెలు తప్ప ఏముంటాయి బావా? మగపెళ్ళివాళ్ళు తాంబూలం పళ్ళెం పట్టుకుని అమ్మాయి మేనమామ ఏడని అడుగుతుంటే, నేను గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. చివరికి మా పినతండ్రి బావమరిదిని పిలిచి కూర్చోబెట్టాం.

బంధువులు ఏమనుకుంటున్నారో నీకు తెలియాలి. వరస ప్రకారం ప్రియాని మీ గోకులకృష్ణన్‌కి ఇవ్వాల్సింది, పరాయి సంబంధం చేశాం కాబట్టి నీకు మనసు విరిగిందని అంటున్నారు. సంక్రాంతి ముందు నేను మీ ఇంటికి వచ్చి అడిగాను కదా. అమ్మాయి మావాడికంటే పెద్దది, మంచి సంబంధం చూడు అని నువ్వే అన్నావు. అప్పుడు నవ్వుతూ అని ఇప్పుడు మొహం చాటేస్తే నేనేమనుకోవాలి? పెళ్ళి ఆవణి నెలలో, సెప్టెంబరు మొదట్లో. మనసులో ఏముందో దాచకుండా రాయి.

నీ జవాబు కోసం చూస్తుండే
ముత్తుకృష్ణన్


కోవిల్‌పట్టి
3 జూన్ 1996

మా చెల్లెలి మొగుడు మాప్పిళ్ళకి అప్పాసామి దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. నాకు కోపం వస్తే మొహాన అనేస్తానని చిన్నప్పటి నుంచీ నీకు తెలుసు. చెల్లెలి కూతురి మీద పగ పెట్టుకునే మనిషిలా కనిపించానా? ఆ పత్తి సంగతి నేను చెప్పమన్నది కాదు. ఏదో ఒకటి చెప్పమంటే వేలమ్మాళ్ నోటికి అదొచ్చింది. ఆవిడకి అబద్ధాలాడటం చేతకాదు.

నాకు మోకాళ్ళ నొప్పి. బస్సులో కూర్చోలేను. అంతే సంగతి. పెళ్ళికి కూడా నేను రాలేకపోతే గోకులకృష్ణన్ వస్తాడు. మేనమామ చేయవలసినవన్నీ వాడి చేత చేయించుకోండి. చీర, మాల, సారె పెట్టే సీరు పళ్ళేలు, ఏ లోటూ రానివ్వను.

ఇక్కడ వానలు లేవు. కయత్తారు పక్క కొత్తగా పెట్టిన గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. చెల్లెలికి చెప్పు, నాకే కోపమూ లేదని.

అప్పాసామి


విరుదునగర్
8 జూన్ 1996

శ్రీ అప్పాసామి గారికి,

మీ జాబు అందినది. గోకులకృష్ణన్‌ని పంపుతానన్నారు. వరసకి పెళ్ళికొడుకు కావలసినవాడే పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి తీసుకొస్తే ఊరు ఎలా నవ్వుతుందో ఆలోచించే రాశారా, ఆలోచించకుండా రాశారా? మోకాళ్ళ నొప్పి అన్నారు. మొన్న మావాడొకడు మీ ఊరెళ్తే, మీరు చేలో గట్టు వెంబడి చకచకా నడుస్తున్నారని చెప్పాడు.

అన్న రాకపోతే ఈ పెళ్ళే వద్దని కమలమ్మాళ్ కూర్చుంది. ప్రియా కూడా, మామ తన మీద కోపంగా ఉన్నాడా అని నన్ను ఒకసారి అడిగింది. ఏం చెప్పమంటారు?

ఇట్లు
ఎం. ముత్తుకృష్ణన్, గోనెసంచుల వ్యాపారం


కోవిల్‌పట్టి
14 జూన్ 1996

ఒరేయ్ ముత్తుకృష్ణా,

నన్ను మీరు అని రాస్తావా? సరే. ఇక దాచి లాభం లేదు. మా తాత ఇసకలో దిద్దించిన ఈ తెలుగు అక్షరాలు నీకూ నాకూ తప్ప మన రెండిళ్ళలో ఎవరికీ రావు. పిల్లలకి అరవ రాతే వచ్చు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చదివాక చించెయ్యి.

నాకు ఒంటేలు సరిగ్గా రావటం లేదు. రెండేళ్ళుగా ఇంతే. వస్తున్నట్టుంటుంది, వెళ్ళి నిలబడితే రాదు. ముక్కి మూలిగి నాలుగు చుక్కలు పోసి వచ్చి కూర్చుంటే మళ్ళీ పొమ్మంటుంది. బస్సెక్కితే సాత్తూరు దాటేలోపు ప్రాణం పోతుంది. పోయిన ఏడు మీ ఊరికి వచ్చినప్పుడు డ్రైవర్‌ని బతిమాలి రెండుసార్లు ఆపించాను. రెండోసారి ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. అరవయ్యేడేళ్ళ మనిషిని, పంచె ఎగ్గట్టి ముళ్ళచెట్టు వెనక నిలబడితే చుక్క రాలేదు. రైల్లో రావచ్చు కదా అంటావు. అదీ చూశాను. దారి పొడుగునా ఆ గదిలోనే ఉన్నాను, బయట తలుపు కొడుతూనే ఉన్నారు.

అలాంటివాణ్ణి పెళ్ళిపీట పక్కన తంతు అయ్యేదాకా ఎలా కూర్చుంటాను? పట్టుబట్టలో తడిస్తే ప్రియా మొహం ఎలా ఎత్తుకుంటుంది? అందుకే రానన్నాను. ఆ బిడ్డ మీద నాకు కోపమా? దాన్ని తలుచుకుంటే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి.

ఆపరేషన్ చేయించుకో అని మాత్రం రాయకు. మా నాన్నకి ఇదే జబ్బు. 1955లో మదురై తీసుకెళ్ళాం. బొడ్డు కింద కోసి, అక్కడి నుంచి లోపలికి రబ్బరు గొట్టం పెట్టి, దాని కొస సీసాలో వేశారు. ఇది మొదటి ఆపరేషనే, ఒళ్ళు కోలుకున్నాక ఇంకొకటి చేసి గడ్డ తీస్తామన్నారు. ఆ గొట్టంతో మంచం మీద పడుకుని ఆయన రోజూ ఒకటే మాట అనేవాడు: “నన్ను ఇంటికి తీస్కపోరా అప్పాసామీ, పొట్టలో బొక్కతో సావలేను.” రెండో ఆపరేషన్ దాకా ఆయన లేడు. నేను అదంతా దగ్గరుండి చూశాను. నాకు భయం ముత్తుకృష్ణా. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియదు.

నీ బావ
అప్పాసామి


విరుదునగర్
22 జూన్ 1996

బావా, నా బంగారు బావా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను. నీకు జబ్బు చేసిందని తెలిసి ఇంత సంతోషించిన బావమరిది నేనొక్కణ్ణే అయ్యుంటాను. కోపం కాదన్నమాట. కమలమ్మాళ్‌కి, అన్నకి కడుపులో ఏదో ఇబ్బంది, అది తగ్గితే వస్తాడు అని మాత్రం చెప్పాను. ఆమె వెంటనే లేచి వంట మొదలుపెట్టింది.

ఇక నువ్వు వద్దన్నది నేను చేశాను. ఇక్కడ మా వీధి చివరి ఆసుపత్రికి గురువారం గురువారం మదురై నుంచి ఆనందరాజ్ అని మూత్రాల డాక్టరు వస్తాడు. వెళ్ళి కూర్చున్నాను. నీ పేరు చెప్పలేదు. ఆయన నాకే జబ్బనుకుని బల్ల ఎక్కమన్నాడు. బయటపడటానికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి మా బావ సంగతి అని ఒప్పుకుని, మీ నాన్న కథంతా చెప్పాను. ఆయన పెన్ను మూసి పక్కన పెట్టి విన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మూత్రం సంచి మూతి దగ్గర మగవాళ్ళందరికీ ఒక గ్రంథి ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అది ఉబ్బి దారిని నొక్కేస్తుంది. వందేళ్ళ కిందట దీనికి వైద్యమే లేదట, ఊరికే గొట్టం దూర్చి తీయటమే. మన దేశంలో ఇరవై ఏళ్ళు పనిచేసి వెళ్ళిన ఒక తెల్ల డాక్టరు, లండన్లో పొట్ట కోసి, సంచి తెరిచి, చూపుడువేలు పెట్టి ఆ గడ్డని కమలాపండులో తొనల్లాగా తొక్క వదిలి లోపలిది లోపలే ఒలిచి తీయటం చేశాడట. బతికినవాళ్ళు బతికారు, రక్తం ఆగక పోయినవాళ్ళు పోయారు. తర్వాత ఇంకో ఆయన సంచిని కోయకుండా ముందువైపు నుంచి తీసే దారి కనిపెట్టాడు. అప్పటికీ పొట్ట కోయాల్సిందే.

అమెరికావాళ్ళు ఇంకో దారి పట్టారు. కోయటం ఎందుకు, దేవుడిచ్చిన దారి ఉంది కదా అని, సన్నటి గొట్టం మూత్రం వచ్చే దారిలోంచే పంపి, దాని కొసన తీగ చుట్ట పెట్టి, కరెంటు ఇచ్చి, గడ్డని చెక్కి చెక్కి తీశారు. మొదట్లో గొట్టం కొసన చిన్న బల్బు ఉండేదట, మసక మసగ్గా కనిపించేదట, అది మధ్యలో ఆరిపోతే డాక్టరు గతి దేవుడికే తెలియాలి. ఇప్పుడు గాజు దారాల్లోంచి వెలుగు పంపుతారు, అద్దాలు కూడా మారాయి, లోపల నరం నరం కనిపిస్తుందట. ఆనందరాజ్ వారం వారం చేసేది ఇదే. నడుముకి ఒక సూది. మెలకువగానే ఉంటావు. కోత లేదు, కుట్టు లేదు. ముందు ముందు కరెంటు కూడా లేకుండా వెలుగుతోనే కోసే మిషన్లు వస్తాయట. నువ్వు వాటి కోసం ఆగుతానని అనకు.

మీ నాన్న గురించి అడిగాను. ఆయన నెమ్మదిగా అన్నాడు: “ఆయన్ని ఆపరేషన్ సంపలేదు సార్. లేటుగా వచ్చినారు. ఏండ్లకేండ్లు దాచిపెట్టుకుంటే కిడ్నీ పోతాది. అట్లాటి మనిషికి ముందు గొట్టం పెట్టి కిడ్నీని తేర్చటం తప్ప అప్పట్లో ఇంకో దారి లేదు.”

ఆయనా మనలాగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. నేను లేచి వస్తుంటే, మీ బావ ఎన్నాళ్ళుగా దాస్తున్నాడని అడిగాడు. రెండేళ్ళన్నాను. వచ్చే గురువారమే తీసుకురమ్మన్నాడు. బావా, నాకు అప్పటి నుంచి మనసు మనసులో లేదు. రా.

ముత్తుకృష్ణన్


కోవిల్‌పట్టి
1 జూలై 1996

మాప్పిళ్ళకి, పక్క మీద పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే చూసీ చూడనట్టు చదువుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఒక చావింటికి వెళ్ళాను. శవాన్ని లేపేదాకా లేవకూడదని బిగబట్టి కూర్చున్నాను. ఆ తర్వాత వెళితే ఒక్క చుక్క కూడా రాలేదు. పొద్దుపోయేసరికి పొట్ట రాయైపోయింది. నేను అరిచిన అరుపులకి వీధంతా వచ్చింది, ఇక దాచటానికి ఏం మిగిలింది? గోకులకృష్ణన్ టాక్సీ తెచ్చి టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో వాడి ఒళ్ళో తల పెట్టుకుని, నాయనా నన్ను కోయనివ్వొద్దురా అని ఒట్టు వేయించుకున్నాను.

అక్కడ ఒక కుర్ర డాక్టరు రబ్బరు గొట్టం తెచ్చి, ఆ దారిలోంచే లోపలికి పెట్టాడు. ఒరేయ్, ఏం చెప్పను. బకెట్‌లో పడుతున్న చప్పుడు వింటుంటే కళ్ళు మూతలు పడిపోయాయి. పెళ్ళినాడు కూడా నాకు అంత సుఖం లేదు, వేలమ్మాళ్‌కి ఈ మాట చెప్పకు. డాక్టరు రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు కొంచెం అలిసినాయి గానీ పోలేదు అన్నాడు. ఇంకొంచెం నాన్చితే పోయేవి.

ఇప్పుడు గొట్టంతోనే పడుకుని ఉన్నాను. మా నాన్నకి పొట్టలోంచి వచ్చింది, నాకు రావాల్సిన దారిలోంచే వచ్చింది. ఆ తేడా చూస్తూ నాలుగు రోజులు ఆలోచించాను. ఆయన కూడా నాలాగే దాచాడు కదా అనిపించింది. నేను సంతకెళ్తున్నాననుకున్న రోజుల్లో ఆయన ఎక్కడెక్కడ ఆగి, ఎన్నిసార్లు ముక్కాడో. మా అమ్మకి కూడా చెప్పలేదు.

ఆనందరాజ్‌ని గురువారానికి అడిగి ఉంచు. వస్తాను. భయం పోయిందని అనుకోకు. భయపడుతూనే వస్తాను.

అప్పాసామి


విరుదునగర్
29 జూలై 1996

బావకి,

ఇక్కడ నుంచి వెళ్ళి రెండు వారాలు కాలేదు, ఏం జరుగుతోంది అక్కడ? నిన్న కొట్లో ఉంటే మీ పక్క మిరపకాయల వ్యాపారి వచ్చి, సంచులు బేరం చేస్తూ చేస్తూ, “మీ బావకి ఇంక అంతేనంట గదా, డాక్టరు కొయ్యకుండానే పంపేసినాడంట” అన్నాడు. నా చేతిలో సంచుల కట్ట జారిపోయింది.

ఆపరేషన్ జరిగినంతసేపూ నేను తలుపు బయటే ఉన్నాను. లోపల నువ్వు డాక్టరుతో వానల గురించి మాట్లాడుతున్నావు, నాకు వినిపించింది. తర్వాత సీసాలు సీసాలు నీళ్ళు గొట్టంలోకి ఎక్కిస్తుంటే, ఎర్రగా తిరిగొస్తుంటే నేను కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. నువ్వే నన్ను ఓదార్చావు. మూడోనాటికి నీళ్ళు తెల్లబడ్డాయి, గొట్టం తీశారు, నువ్వు నడుచుకుంటూ బస్సెక్కావు. ఇవన్నీ నా కళ్ళతో చూశాను. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. వెళ్ళే ముందు డాక్టరు నిన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడాడు. ఏం చెప్పాడు? నా దగ్గర ఏమైనా దాస్తున్నావా? చెక్కి తీసిన ముక్కలు మదురైకి పరీక్షకి పంపారు, దాని జవాబు ఇంకా రాలేదు. కమలమ్మాళ్ దీపం పెట్టి నీ పేరు చెప్పుకుంటోంది.

వెంటనే రాయి.
ముత్తుకృష్ణన్


కోవిల్‌పట్టి
2 ఆగస్టు 1996

పిచ్చి మాప్పిళ్ళా,

డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచి చెప్పింది ఇదీ: నెల రోజులు బరువులెత్తొద్దు, సైకిలెక్కొద్దు, పెళ్ళాం దగ్గరికి పోవద్దు. నీ ముందు చెప్పటానికి ఆయన సిగ్గుపడ్డాడు. అంతే.

మిగతాదంతా మన ఊరి వాళ్ళ పని. ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాణ్ణి చూడ్డానికి బ్రెడ్డూ హార్లిక్సూ పట్టుకుని వస్తారు కదా, వచ్చినవాళ్ళు కుట్లు చూడకుండా పోరు కదా. మొదట మాయక్కాళ్ పెద్దమ్మ వచ్చింది. చొక్కా ఎత్తమంది. ఎత్తాను. ఇటు చూసింది, అటు చూసింది, వీపు కూడా చూసింది. ఎక్కడా గీత లేదు. కుట్లు లేని ఆపరేషన్ పెద్దమ్మా, లోపల నుంచే చేస్తారు అన్నాను. ఆవిడ నా తల నిమిరి, “అట్లానే అనుకో నాయినా” అని కళ్ళు తుడుచుకుంది.

ఇక చూసుకో. కోసి లాభం లేదని పంపేశారు, మనిషికి తెలియనివ్వలేదు అని ఊరంతా పాకింది. గుమ్మంలో చెప్పుల కుప్ప. వేలమ్మాళ్‌ని పక్కకి పిలిచి, ఆయనకి ఏం తినాలని ఉందో అడుగు అంటున్నారు. నేను కోడికూర అన్నాను, మూడిళ్ళ నుంచి వచ్చింది.

పక్క చేను పేచ్చిముత్తు తెలుసు కదా, గట్టు నా చేలోకి జరిపాడని వాడితో పదేళ్ళుగా మాటల్లేవు. వాడూ వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని, “గట్టు నీదేరా. నా మీద మనసులో ఏమీ పెట్టుకుని పోవద్దు” అన్నాడు. నేను పోవటం లేదురా అని చెప్పాల్సింది. చెప్పలేదు. కళ్ళు మూసుకుని కాస్త దగ్గాను. అంతలో ఒంటేలు వచ్చింది, లేచి చకచకా దొడ్లోకి పోయాను. నిండు ధార. తిరిగొచ్చేసరికి పేచ్చిముత్తు దొడ్డి గుమ్మం వైపే చూస్తున్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

నవ్వుతున్నావా? నేనూ నవ్వాను. కానీ ఒకటి చెప్పనా. ఇంతమంది మొహాలు చూసి చూసి ఇప్పుడు నాకే అనుమానం పట్టుకుంది. ఆ ముక్కల జవాబు వచ్చిందా? మంచిదైనా చెడ్డదైనా నాకే ముందు రాయి. చెడ్డదైతే పెళ్ళయ్యేదాకా చెల్లెలికి చెప్పొద్దు.

అప్పాసామి


విరుదునగర్
9 ఆగస్టు 1996

బావా,

ఏమీ లేదు. క్యాన్సర్ లేదు. డాక్టరు చేత కాగితం రెండుసార్లు చదివించి విన్నాను. వయసుతో అందరికీ వచ్చే మామూలు పెరుగుదల, అంతే. నిన్న సాయంత్రం మీ పక్కింటి ఫోనుకి చెబుదామని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను గానీ, లైను దొరక్క తిరిగొచ్చి రాస్తున్నాను. కమలమ్మాళ్‌కి మొత్తం చెప్పేశాను. ఇన్నాళ్ళు తన దగ్గర దాచామని నన్ను తిట్టింది, నిన్ను తిట్టింది, తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అది ఏడుస్తుంటే నాకు హాయిగా ఉంది.

ప్రియా అడిగింది, మామ వస్తాడు కదా అని. వస్తాడన్నాను.

నీ
ముత్తుకృష్ణన్


కోవిల్‌పట్టి
8 సెప్టెంబరు 1996

ముత్తుకృష్ణా, చెల్లెలూ, మీ ఇద్దరికీ కలిపి రాయాలని ఉంది గానీ చెల్లెలికి ఈ అక్షరాలు రావు. నువ్వే చదివి వినిపించు. చివరి సంగతి మాత్రం వదిలెయ్యి.

ఇంటికి చేరాం. పెళ్ళి కళ్ళలోనే తిరుగుతోంది. ప్రియా చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి నడుస్తుంటే దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. భయమా తల్లీ అంటే, నువ్వు రావేమోనని భయపడ్డాను మామా, ఇప్పుడు లేదు అంది. తాళి కట్టేదాకా, అక్షింతలు వేసేదాకా, భోజనాలకి పిలిచేదాకా ఆ పీట పక్కన కదలకుండా కూర్చున్నాను. మధ్యలో నువ్వు రెండుసార్లు వచ్చి కళ్ళతో అడిగావు. నేను లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదు. అక్కడ కూర్చుని ఎంత సంతోషపడ్డానో ఎవరికీ తెలియదు, అందరూ పెళ్ళి సంతోషం అనుకున్నారు.

ఇక చివరి సంగతి. మా ఊరి నుంచి పెళ్ళికి వచ్చినవాళ్ళలో పేచ్చిముత్తు కూడా ఉన్నాడు కదా. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. సాత్తూరులో దిగాడు, ఎక్కాడు. సాత్తూరు దాటాక డ్రైవర్‌ని ఆపమని దిగి, చాలాసేపు ముళ్ళచెట్ల వెనక నిలబడి వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాయి. నేను తువ్వాలు అందించాను. మొహం తుడుచుకుని వాడే, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరికీ వినబడకుండా అన్నాడు: “అప్పాసామీ, ఆ డాక్టరు నవ్వుతాడా?”

నవ్వడురా అన్నాను. నా దగ్గర నవ్వలేదు, నీ దగ్గరా నవ్వడు. ఎన్నాళ్ళ నుంచని అడిగాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఊరొచ్చేదాకా వదల్లేదు.

వచ్చే గురువారం తీసుకొస్తున్నాను. వాడి ఇంట్లో ఇంకా తెలియదు. నాతో గోనెసంచులు కొనడానికి వస్తున్నానని చెబుతాడట. భోజనం మీ ఇంట్లోనే. వాడు అక్కడ తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగితే నువ్వు ఒక చెయ్యి పట్టుకో, నేను ఇంకొకటి పట్టుకుంటాను.

మీ
అప్పాసామి